తల్లిపాలు పొంగి పొరలినప్పుడు
సౌదీ అరేబియాలోని మన బాలింతల కోసం

బాలింతకు పాలు చాలడంలేదన్న మాట మన ఇళ్ళలో తరచు వినబడుతూనే ఉంటుంది. పాలు మరీ ఎక్కువై తల్లీ బిడ్డా బాధపడటం మాత్రం అంతగా మాటల్లోకి రాదు. "పాలకు కొదవలేదు, అదృష్టవంతురాలు" అని నలుగురూ సంతోషించి ఊరుకుంటారు. ఐతే ఆ పొంగును నిదానపరచడం తెలియక, రొమ్ము వాచి, జ్వరం తగిలి, చివరకు పాలివ్వడమే మానుకునే తల్లులున్నారు. అందుచేత ఈ సంగతిని, ముఖ్యంగా సౌదీ అరేబియాలో కాపురమున్న మన ఆడపడుచులను దృష్టిలో పెట్టుకుని, పాఠకులకు వివరించదలచాము.

1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ చెన్నపట్నం నుండి డర్బన్ రేవు చేరింది. ఆ నాటి నుండి చెరకు తోటలకు వచ్చిన మన పూర్వులు కష్టాలెన్ని పడినా, బారకాసులలో ఒక బాలింత పక్కన మరొక తల్లి ఉండేది. నేడు దక్షిణాఫ్రికా నుండి ఎందరో నర్సులు రియాద్, జెద్దా, దమ్మాం ఆసుపత్రులకు ఉద్యోగాలకు వెళ్తున్నారు. ఆంధ్ర, తెలంగాణ కుటుంబాలు కూడా ఆ పట్టణాలలో ఉన్నాయి. పురిటి సమయానికి అమ్మగానీ అత్తగానీ విమానమెక్కి వెళ్ళడం అందరికీ వీలుపడదు. అప్పుడు అమ్మమ్మ సలహా ఫోనులోనే అందాలి. కాబట్టి ఈ వ్యాసం బాలింతలకెంతో, ఇక్కడ ఉండి సలహా చెప్పే పెద్దవారికీ అంతే.

ముందుగా పాలు ఊరే తీరు చూద్దాము. కాన్పు అయిన వెంటనే వచ్చేవి ముర్రుపాలు. రెండవ రోజుకూ అయిదవ రోజుకూ మధ్య అసలు పాలు పడతాయి. అప్పుడు రొమ్ములు బరువెక్కడం సహజమే, దానిని జబ్బుగా భావించనక్కరలేదు. తరువాత పాలు ఎంత ఊరాలో నిర్ణయించేది బిడ్డ ఆకలి. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత త్వరగా నిండుతుంది. పాలు నిలిచి ఉంటే ఊట తానే మందగిస్తుంది. తోడినకొద్దీ ఊరే చెలమ వంటిదన్నమాట. ఈ లెక్క కుదరడానికి సుమారు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. మొదటి నెల దాటిన బిడ్డ రోజుకు త్రాగేది దాదాపు 750 నుండి 800 మిల్లీలీటర్లు. అంతకుమించి యంత్రంతో పిండి సీసాలు నింపుతూ ఉంటే, శరీరం కవలలు పుట్టారనుకున్నట్లే పాలు తయారుచేస్తుంది. పాలు పొంగడానికి తరచు కనబడే కారణం ఇదే.

బిడ్డ రొమ్ము పట్టగానే పాలు ధారగా వచ్చి పొలమారడం, దగ్గి రొమ్ము వదిలేయడం, కడుపు ఉబ్బి ఏడవడం, నురుగుతో పచ్చని విరేచనాలు కావడం, తల్లికి ఎప్పుడూ రొమ్ము నిండుగా ఉండి నొప్పి పెట్టడం, మాటిమాటికి గడ్డలు తేలడం, ఇవన్నీ అధికపాల లక్షణాలు కావచ్చును. ఐతే ఇవే లక్షణాలు వేరే కారణాలవల్ల కూడా కలుగుతాయి. అందుచేత బిడ్డ బరువును, రొమ్ము పట్టే తీరును ఒకసారి డాక్టరుకో నర్సుకో చూపించిన తరువాతనే ఒక నిశ్చయానికి రావాలి.

ఇక చేయవలసినవి. తల్లి వెనక్కు వాలి, బిడ్డను తన ఎదపై బోర్లా పడుకోబెట్టుకుని పాలిస్తే ధార వేగం తగ్గుతుంది. చేపు వచ్చిన తొలి నిమిషం పాలను శుభ్రమైన గుడ్డలోకి పోనిచ్చి, తరువాత బిడ్డకు పట్టించవచ్చు. పసిబిడ్డకు రోజుకు ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలివ్వడం మానరాదు. రొమ్ము మరీ బిగిసిపోతే బాధ తగ్గేంతవరకే చేతితో పిండాలి, ఖాళీ అయ్యేవరకు కాదు. పాలిచ్చిన తరువాత చల్లని తడిగుడ్డ వేస్తే వాపు తగ్గుతుంది. ఒకే రొమ్మును కొన్ని గంటలపాటు వరుసగా ఇచ్చి, రెండవదానికి విశ్రాంతినిచ్చే పద్ధతి ఒకటి ఉంది. దానిని మొదటి నెలలో సొంతంగా ప్రయత్నించరాదు. అవసరానికి మించి ఊట తగ్గిపోయే ప్రమాదముంది.

పథ్యం సంగతి పెద్దవారు ప్రత్యేకించి గమనించాలి. పాలు పడాలని మనవారు మెంతులు, వెల్లుల్లి, కాయం, పాలసొర చేప పెడతారు. సౌదీలోని ఇరుగుపొరుగు తల్లులు కూడా ప్రేమతో మెంతుల కషాయమే తెచ్చి ఇస్తారు. అరబ్బీలో దానిని హుల్బా అంటారు. పాలు చాలని తల్లికి ఇవ్వదలచినది, పాలు పొంగుతున్న తల్లికి ఇవ్వకూడదు. ఫోనులో "మెంతులు తిను తల్లీ" అని చెప్పే ముందు "పాలు ఎలా ఉన్నాయి?" అని ఒక్కమాట అడగాలని మా మనవి.

రొమ్ముకు మల్లెపూలు కట్టి పాలు ఎండగట్టే ఆచారం దక్షిణదేశంలో ఉన్నది. వెల్లూరు వైద్యులు దానిని మందుతో పోల్చి పరీక్షించి, పూలు కూడా పాలను తగ్గిస్తాయని 1988లో ప్రకటించారు. ఆ పరీక్ష పాలు పూర్తిగా మానవలసిన తల్లులపై జరిగినది. సౌదీ దక్షిణాన జాజాన్ ప్రాంతం మల్లెమాలలకు పేరుపొందినది కనుక పూలు దొరకడం కష్టం కాదు. కాని బిడ్డ త్రాగుతున్న తల్లి, వైద్య సలహా లేనిదే ఆ పని చేయరాదు.

రొమ్ములో ఒకచోట ఎర్రబడి, వేడెక్కి, జ్వరం, చలి, ఒళ్ళునొప్పులు వస్తే ఆలస్యం చేయక డాక్టరును చూడాలి. అప్పుడు గట్టిగా మర్దన చేయడం హాని. పాలివ్వడం హఠాత్తుగా ఆపడం అంతకంటె హాని.

ఉద్యోగం చేసే తల్లులకు సౌదీ కార్మిక చట్టం 2025 ఫిబ్రవరి నుండి పన్నెండు వారాల ప్రసూతి సెలవు ఇస్తున్నది. పనిలో చేరిన తరువాత బిడ్డకు పాలిచ్చేందుకు రోజుకు మొత్తం ఒక గంటకు మించకుండా విరామం కూడా ఉన్నది. పిండిన పాలు 25 డిగ్రీల గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు, గడ్డకట్టించితే సుమారు ఆరు నెలలు నిలుస్తాయి. అక్కడి వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది గనుక, మంచుపెట్టె లేకుండా పాలు ఇంటికి తేరాదు.

మిగిలిన పాలు మరొక బిడ్డకు ఇవ్వాలనిపించడం తల్లి హృదయానికి సహజమే. కృత్తికలు పాలిచ్చి పెంచినందుననే కుమారస్వామికి కార్తికేయుడని పేరు వచ్చింది కదా! మన డర్బన్‌లో ఇతెంబా లెతు సంస్థ, హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ప్రారంభమైన ధాత్రి బ్యాంకు దానపు పాలను అవసరమున్న శిశువులకు అందించాయి. అటువంటి చోట్ల పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి శుద్ధిచేస్తారు.

సౌదీలో పరిస్థితి వేరు. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం రెండేళ్ళలోపు బిడ్డకు పాలిచ్చిన స్త్రీ ఆ బిడ్డకు పాలతల్లి అవుతుంది. ఆమె సంతానంతో ఆ బిడ్డకు వివాహం నిషిద్ధం. ఎన్నిసార్లు పాలిస్తే ఈ బంధం ఏర్పడుతుందో శాస్త్రశాఖలను బట్టి మారుతుంది. సౌదీలో ప్రధానమైన హన్బలీ శాఖ అయిదుసార్లు అంటుంది. ముహమ్మద్ ప్రవక్తకు పాలిచ్చి పెంచిన హలీమాను ఆ సమాజం నేటికీ గౌరవంతో తలచుకుంటుంది. అనేకమంది పాలు కలిసిపోతే ఎవరు ఎవరికి తోబుట్టువో తెలియదు. అందుచేతనే 1985 డిసెంబరులో జెద్దాలో సమావేశమైన ఇస్లామిక్ న్యాయశాస్త్ర అకాడమీ, ముస్లిం దేశాలలో పాలబ్యాంకులు నెలకొల్పరాదని తీర్మానించింది. కావున పక్కింటి పసివాడు ఏడుస్తున్నాడని, అతని తల్లిదండ్రులను అడగకుండా మన సీసా అందించరాదు. మనకది ఉపకారమే. వారికి అది తరతరాల చుట్టరికం. పైగా శుద్ధి చేయని పాలవల్ల కొన్ని రోగాలు కూడా సంక్రమించవచ్చు.

పాలు పొంగడం శాపమూ కాదు, గొప్పా కాదు. తల్లికీ బిడ్డకీ మధ్య కొలత ఇంకా కుదరలేదని అర్థం. తొందరపడక, అనవసరంగా పిండక, కొన్ని వారాలు ఓపిక పట్టితే చాలామందికి ఆ కొలత తానే కుదురుతుంది. ఎడారి దేశంలో ఒంటరిగా బిడ్డను ఒడిలో పెట్టుకున్న మన ఆడపడుచుకు ఈ నాలుగు మాటలు చేరవేయవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. తల్లీ బిడ్డా చల్లగా ఉందురు గాక!