విమానమును విడుచు వేళ

సికిందరాబాదు చెంతనున్న మౌలాలి గుట్టపై నిలిచినవారికి అప్పుడప్పుడు శిక్షణవిమానములు ఆకాశమున తిరుగుట కానవచ్చును. హకీంపేటయందును దుండిగల్లునందును వైమానికదళమువారి శిక్షణకేంద్రములు గలవు. ఆ గుట్ట క్రింది యిండ్లలోని బాలురును నేడు కంప్యూటరు తెరమీద విమానములు నడపుచు పోరాడుచున్నారు. ఇట్టి క్రీడలను సిమ్యులేటరు క్రీడలందురు. వీనియందు శత్రువును కూల్చుట నేర్చినవారు పెక్కుమంది. కాలుచున్న విమానమునుండి ప్రాణములతో బయటపడుట నేర్చినవారు కొలదిమంది. ఈ రెండవ విద్యయే కష్టతరము.

మనుష్యుడు ఆకాశమునుండి ఊరక పడినచో మొదటి పది సెకనులలో సుమారు 1,000 అడుగులు దిగును. అటుపిమ్మట ప్రతి ఐదారు సెకనులకును మరియొక వేయి అడుగులు దిగును. గాలిగొడుగు, అనగా ప్యారాచూటు, విచ్చుకొన్న పిదప ఆ వేగము సెకనుకు సుమారు 20 అడుగులకు తగ్గును. ఆరడుగుల గోడపైనుండి దుమికినవానికి తగులు దెబ్బయే వానికిని తగులును. కాని గొడుగు విచ్చుకొనుటకు కొంత కాలమును, కొంత యెత్తును కావలయును. ఎత్తు చాలనిచో ఎంత మంచి గొడుగైనను వట్టి గుడ్డమూటయే.

ఇచ్చట బాలురు మోసపోవు విషయమొకటి కలదు. విమానములోని ఎత్తుకొలత యంత్రము సాధారణముగా సముద్రమట్టమునుండి యెత్తును చూపును. కాళ్లక్రింది నేలనుండి కాదు. బేగంపేట విమానాశ్రమము సముద్రమట్టమునకు సుమారు 1,740 అడుగుల యెత్తున నున్నది. మౌలాలి గుట్ట శిఖరము సుమారు 2,000 అడుగులు. యంత్రపు ముల్లు 2,500 చూపునప్పుడు, ఇంకను చాలినంత యెత్తున్నదని తలంచువానికి నిజముగా బేగంపేటపై మిగిలినది 760 అడుగులే. గుట్టపైననో, 500 మాత్రమే! సముద్రతీరమున ఆడి నేర్చిన లెక్క దక్కనులో పనికిరాదు.

కావున మొదట చేయవలసినది నిశ్చయము. మంట కనబడిన పిదప "ఇంకొక్క గుండు పేల్చెదను" అనువాడు తరచుగా నేలను తాకును. నిశ్చయించుకొన్న వెంటనే, విమానము మాట వినుచున్నంతవరకు ముక్కును పైకెత్తవలయును. అందువలన రెండు లాభములు: వేగము తగ్గును, ఎత్తు పెరుగును. అతివేగమున పోవు విమానమునుండి లేవబోయిన వానిని గాలి ఆసనమునకే అదిమివేయును; లేచినను తోకకు కొట్టును. పిదప గాజుమూతను విడిపించి, ఆసనపు పట్టీలను విప్పి, ప్రక్కనుండి తోకకు క్రిందుగా దుమకవలయును. విప్పవలసినవి ఆసనపు పట్టీలు మాత్రమే. గొడుగు పట్టీలు కావు. తొందరలో ఈ రెంటికిని భేదము మరచుట ప్రాణాంతకము. రెండవ ప్రపంచయుద్ధమున కొందరు వైమానికులు విమానమును తలక్రిందులు చేసి, దానినుండి జారిపడెడివారు. తోక దాటిన పిమ్మటనే త్రాడు లాగవలయును. మిక్కిలి యెత్తున దుమికినవాడు వెంటనే లాగరాదు. అచ్చట గాలి పలుచన, చలి మిక్కుటము.

జెట్టు విమానముల కాలమున ఈ శ్రమ కొంత తప్పినది. 1946 జులై 24న ఇంగ్లండున బెర్నార్డ్ లించ్ అనునాతడు ఎగురుచున్న విమానమునుండి ఆసనముతో కూడ పైకి విసరబడి, గొడుగుతో సుఖముగా దిగెను. నేటి ఆసనములలో కొన్నిటికి రాకెట్లుండును; నేలపై నిలిచియున్న విమానమునుండి సైతము అవి మనుష్యుని గొడుగు విచ్చుకొనునంత యెత్తునకు విసరగలవు. మౌలాలికి అంత దూరము కాని కీసర ప్రాంతమున, 2017 సెప్టెంబరు 28న హకీంపేటనుండి బయలుదేరిన కిరణ్ శిక్షణవిమానము కూలినది. దానిని నడపుచున్నవాడు ఇట్టి ఆసనముతో వెలువడి బ్రదికెను. డి.సి.యస్. అను క్రీడయందు ఈ ఆసనమునకై మీటను మూడుమారులు నొక్కవలయును. చేయి పొరపాటున తగిలి ఎవడును ఎగిరిపోకుండుటకు ఈ కట్టుబాటు మంచిదే.

మరియొక సంగతి. దిగుచున్న గొడుగును చూచి గుండ్లు కురిపించు ఆటగాండ్రున్నారు. 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక, ఆపదలోనున్న విమానమును విడిచి గొడుగుతో దిగువానిపై దాడిచేయరాదని నిషేధించినది. పారాట్రూపు సైనికులకు ఈ రక్షణ లేదు. వారు యుద్ధమునకై దిగువారు కదా. ఆటలో ఎవరును దండింపరు, నిజమే. అయినను ఆ చేష్ట నాకు వీరత్వమని తోచదు.

ఇక నేలను చేరుట. పాదములను జతపరచి, మోకాళ్లను కొంచెము వంచి, చూపును దిగంతమున నిలుపవలయును. నేలనే చూచువాడు కాళ్లను చాచును. చాచిన కాలు విరుగును. పాదములు తగిలినంతనే ప్రక్కకు ఒరిగి, పిక్క, తొడ, తుంటి, భుజము అను క్రమమున దొర్లినచో దెబ్బ శరీరమంతటికి పంచబడును. చేతులను మాత్రము నేలకు ఊనరాదు. మౌలాలి జంక్షను వంటి చోట రైలుపట్టాలపై 25,000 వోల్టుల తీగలుండును. వానినుండి దూరముగా పోవలయును. నేల చేరినంతనే గాలి గొడుగును ఈడ్చుకొనిపోవును గనుక, దాని త్రాళ్లను ఒకవైపు లాగి గుడ్డను కూల్చి, పట్టీలు విప్పవలయును. శత్రుభూమిపై దిగినవానిని పట్టుబడినట్లుగా లెక్కించు క్రీడలు కలవు. అందుచేత నేర్పరియైనవాడు, విమానము ఎగురుచున్నంతసేపు, దాని ముక్కును తనవారి వైపునకే త్రిప్పి ఉంచును.