కొంగ ఖరీదు ఎంత?

ఉప్పలపాడు చెరువు మీద వాలే పక్షులకు యార్డు లేదు, వేలంపాట లేదు. అయినా వాటి విలువ లెక్కగట్టవచ్చు. ఆ లెక్క ఇప్పుడు మనకు అవసరం.

గుంటూరు మిర్చి యార్డులో తేజ రకం క్వింటా ఎంత పలికిందో సాయంత్రానికల్లా ప్రకాశం జిల్లా పల్లెల దాకా తెలిసిపోతుంది. పత్తికీ అంతే. గుంటూరుకు పది కిలోమీటర్ల లోపే, పెదకాకాని మండలం ఉప్పలపాడు చెరువులో వేలాదిగా చేరే పక్షులకు మాత్రం ధర చెప్పేవారు లేరు.

వీటిని సైబీరియా కొంగలనడం మనకు అలవాటు. నిజానికి ఇక్కడ గూళ్లు కట్టే గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీళ్లు, చేపలు, ప్రాణభయం లేని చెట్లు ఎక్కడుంటే అక్కడికి చేరతాయి. ఉన్న చెట్లు చాలక ఇక్కడ కృత్రిమ చెట్లు కూడా నిలబెట్టారు.

దారి ఖర్చులో దాగిన విలువ

పార్కుల వల్ల ప్రజలకు కలిగే మేలును డబ్బులో చెప్పడం ఎలాగని అమెరికా జాతీయ పార్కుల శాఖ ఆర్థికవేత్తలను అడిగింది. 1947లో హెరాల్డ్ హోటలింగ్ రాసిన జవాబు సారాంశం ఇది: టికెట్‌ను కాదు, సందర్శకులు వచ్చిన దూరాన్ని చూడండి.

గుంటూరు నుంచి బండి మీద వచ్చేవారికి ఉప్పలపాడు ప్రయాణం చాలా చవక. ఒంగోలు నుంచి కారులో వచ్చే కుటుంబం వంద కిలోమీటర్లకు పైగా పెట్రోలు పోసుకోవాలి, ఒక పూట పని మానుకోవాలి. అంత ఖర్చుకు సిద్ధపడ్డారంటే చూడబోయేదానికి కనీసం అంత విలువ ఇచ్చినట్టే. అదే విలువ ఇచ్చే గుంటూరువాసికి ఖర్చు పోగా మిగిలేది లాభం. ఏ దూరం నుంచి ఎంతమంది వస్తున్నారో చూసి, ఈ మిగుళ్లన్నీ కూడితే చెరువు విలువలో ఒక వాటా తేలుతుంది. మంగళగిరి పానకాలస్వామి దర్శనానికి వచ్చి అటునుంచి ఇటు తిరిగినవారి ఖర్చంతా పక్షుల ఖాతాలో వేస్తే మాత్రం లెక్క తప్పుతుంది.

రానివారి మాటేమిటి?

ఎన్నడూ ఇటు రాకపోయినా ఆ పక్షులు బతకాలని కోరుకునేవారూ ఉంటారు. ఆ పక్షుల కోసం డబ్బివ్వడానికి ఒప్పుకుంటారా అని వారిని నేరుగా అడగాల్సిందే. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి అలాస్కా తీరంలో చమురు ఒలికాక అమెరికా అంతటా కుటుంబాలను అలాగే అడిగారు. వారిచ్చిన విలువ 280 కోట్ల డాలర్లని అంచనా వేశారు. ఆ పద్ధతిని నమ్మవచ్చా అన్న వివాదం రేగింది. కెన్నెత్ యారో, రాబర్ట్ సోలో నేతృత్వంలోని నిపుణుల సంఘం 1993లో షరతులతో సరేనంది. ఎంత ఇస్తారని అడగవద్దు, ఇంత చెల్లించాల్సి వస్తే ఒప్పుకుంటారా లేదా అని అడగాలి. ఆ డబ్బు వారి ఇంటి ఖర్చుల్లోంచే పోతుందని గుర్తుచేయాలి.

మన దగ్గర మరో చిక్కు ఉంది. ‘అది సర్కారు పని, మేమెందుకివ్వాలి?’ అనే జవాబు రావచ్చు. దాన్ని సున్నాగా రాసుకుంటే పొరపాటు. అది పక్షుల మీద నిర్లక్ష్యం కాదు, వసూలు చేసేవారి మీద అపనమ్మకం.

భారం ఒకరిది, ఆనందం ఒకరిది

చెరువు ఉన్న పంచాయతీకి చేపల వేలంపాట ఒక రాబడి. పక్షులకు వదిలిన చెరువు మీద ఆ ఆశ పెట్టుకోలేం. రెట్టల వాసన, రాత్రీ పగలూ అరుపులు భరించేదీ ఊరివారే. ఫోటోలు తీసుకుని పోయేవారికి దక్కిన మిగులులో చెరువుగట్టుకు చేరేది స్వల్పం.

అందుకే లెక్క తేల్చాక ఆ అంకె చూపి టికెట్ పెంచేస్తే సరిపోదు. పెంచితే ముందు జరిగేది బడిపిల్లలూ కూలీల కుటుంబాలూ రాకుండా పోవడమే. పెద్ద కెమెరాలతో వచ్చేవారికి వేరే రుసుము పెట్టవచ్చు. వచ్చినదాన్ని పూడికతీతకు, వేసవిలో నీళ్లు నింపడానికి, చెట్లు పెంచడానికి ఊరి ఖాతాలోనే వేసి, ఖర్చు వివరం చెరువు దగ్గర బోర్డు మీద రాయాలి. డబ్బు ఎటు పోతుందో కనబడితే ఇచ్చే చేయి వెనకాడదు.

ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఇదే మండలంలో ఉంది. అర్థశాస్త్రం విద్యార్థులు ఒక చలికాలం ప్రశ్నావళి పట్టుకుని గట్టు మీద నిలబడితే చాలు, పంచాయతీ చేతికి ఒక అంకె వస్తుంది. నిధులు అడగడానికి వెళ్లినప్పుడు ‘పక్షులు బాగుంటాయండీ’ అనే మాటకంటే ఆ అంకెకే బలం ఎక్కువ.