కర్రలో చేప

సంతలో ఒక బొమ్మల కొట్టు ఉంది అనుకుందాం. ఒక అక్క కర్ర చేపను చేతిలోకి తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటన్నా, ఇది చేపేనా? దోసకాయకి తోక పెట్టినట్టుంది!" అంది.

కొట్టు అతను నవ్వాడు. "నీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

"రోజూ చేపలు కోసే చెయ్యి నాది. నాకు తెలీదేటి?" అంది అక్క.

అక్క మాట నిజం. చేపను బాగా ఎరిగినవాళ్లే చేపను చెక్కగలరు. చేపను కొనేది, పొలుసు తీసేది, కోసేది ఎక్కువగా మన ఆడవాళ్లే. అంటే ఈ పనికి కావలసిన చూపు మన దగ్గర ఉన్నట్టే. ఇక కావలసింది కర్ర, పనిముట్లు, ఓపిక.

మన పక్క ఊరి పని

మన నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇదే జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు ఉంది. ఆ ఊరి లక్క బొమ్మల గురించి మీరు వినే ఉంటారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన బొమ్మలను ఏటికొప్పాక బొమ్మలని చెప్పి అమ్మకూడదు. 2025 జనవరి 26న ఢిల్లీలో గణతంత్ర దినోత్సవం జరిగింది. ఆ రోజు మన రాష్ట్రం ఈ బొమ్మల శకటాన్నే నడిపింది.

ఈ బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. అంకుడు చెట్టు ఆకు తుంచితే పాలు కారతాయి. దీని కర్ర తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఉలికి తేలికగా లొంగుతుంది. పచ్చి కర్రతో బొమ్మ చేస్తే తరువాత పగులుతుంది. అందుకే కర్రను బాగా ఆరనిస్తారు.

తిప్పే పని, చెక్కే పని

ఏటికొప్పాకలో కర్రను లేతు మిషనుకు బిగిస్తారు. మిషను కర్రను గిరగిరా తిప్పుతుంది. పనివారు ఉలి ఆనిస్తారు. కర్ర గుండ్రంగా తయారవుతుంది. తరువాత రంగు కలిపిన లక్కను తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడికి వేడి పుడుతుంది. లక్క కరిగి కర్రకు పడుతుంది. ఎండిన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది.

మిషను మీద తిప్పితే గుండ్రని బొమ్మ వస్తుంది. మరి చేపలన్నీ గుండ్రంగా ఉంటాయా? ఉండవు. కొర్రమేను ఒళ్లు ముందు భాగంలో గుండ్రంగా ఉంటుంది. దాన్ని మిషను మీద చాలావరకు చేయవచ్చు. బొచ్చె చేప అలా కాదు. దాని పక్కలు నొక్కినట్టు ఉంటాయి. దాన్ని మిషను మీద చేస్తే అక్క అన్నట్టు దోసకాయే అవుతుంది. బొచ్చెను చేత్తో చెక్కాలి.

చేత్తో చెక్కే పనికి పేరున్న ఊరు మన రాష్ట్రంలోనే ఇంకొకటి ఉంది. అది విజయవాడ దగ్గరి కొండపల్లి. అక్కడ తెల్ల పొనికి కర్ర వాడతారు. దశావతారాల బొమ్మలు చేస్తారు. వాటిలో మొదటిది మత్స్యావతారం. కొండపల్లిలో బొమ్మను ముక్కలుగా చెక్కుతారు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి ముద్ద చేస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆ మక్కుతో ముక్కలు అతికిస్తారు. దానిపై సున్నం పూత వేస్తారు. ఆ తరువాత రంగులు వేస్తారు. రంగులు వేసే పనిలో ఆడవాళ్లు చాలామంది ఉన్నారు.

చేపను ఎలా చెక్కాలి?

ముందు నిజం చేపను ఎదురుగా పెట్టుకోవాలి. కాగితం మీద రెండు బొమ్మలు గీయాలి. ఒకటి పక్క నుంచి చూసిన బొమ్మ. రెండోది పై నుంచి చూసిన బొమ్మ. చాలామంది మొదటిదే గీసి ఊరుకుంటారు. అప్పుడు చేప పలకలా వస్తుంది.

తరువాత కర్ర నార ఎటు పోతోందో చూడాలి. నార తల నుంచి తోక వరకు పొడుగునా పోవాలి. అడ్డంగా ఉంటే తోక దగ్గర పుటుక్కున విరుగుతుంది.

బొమ్మను కర్ర మీద గీసి రంపంతో కోయాలి. వీపు మీద, పొట్ట మీద నడిమి గీత గీయాలి. ఈ గీత చెరిగిపోతే మళ్లీ గీయాలి. ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం చెక్కాలి. ఒక పక్క అంతా చెక్కేసి రెండో పక్కకు పోతే చేప వంకర పోతుంది. ఉలి ఎప్పుడూ మన ఒంటి వైపు రాకూడదు. బయటి వైపుకే పోవాలి. ఆకురాయితో రుద్దేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. చివరకు ఉప్పు కాగితంతో నునుపు చేయాలి.

రెక్కలను విడిగా చేసి అతికించడం మేలు. పలుచని రెక్కను ఒంటితో కలిపి చెక్కితే విరిగిపోవచ్చు.

నిజం చేపలా కనిపించాలంటే

కన్ను: కన్ను నోటికి దగ్గరగా, తల పక్కన ఉంటుంది. కన్ను వెనక్కి పోతే చేప ముఖమే మారిపోతుంది.

నోరు: బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది. తల పెద్దది. కొర్రమేను తల పాము తలలా ఉంటుంది.

పొలుసు: పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటి అంచులు తోక వైపు ఉంటాయి. పొలుసు తీసేటప్పుడు మనం కత్తిని తోక నుంచి తల వైపు నడుపుతాం కదా! అందుకు కారణం ఇదే.

పక్క గీత: బొచ్చె పక్కన మొప్ప నుంచి తోక వరకు సన్నని గీత ఉంటుంది. నీటి కదలికను చేప దీనితో తెలుసుకుంటుంది. ఈ గీత మరిచిపోకండి.

తోక: బొచ్చె తోక రెండుగా చీలి ఉంటుంది. కొర్రమేను తోక గుండ్రంగా ఉంటుంది.

రంగు: చాలా చేపల వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంటుంది. ఎందుకు? పై నుంచి చూసే కొంగకు నల్లని వీపు చీకటి నీటిలో కలిసిపోతుంది. కింద నుంచి చూసే పెద్ద చేపకు తెల్లని పొట్ట వెలుగులో కలిసిపోతుంది. ఈ రంగులే చేపకు కాపుదల.

అమెరికాలో చలికాలం చెరువులు గడ్డకట్టే ప్రాంతాలు ఉన్నాయి. అక్కడి జాలర్లు మంచుకు కన్నం పెట్టి కర్ర చేపను నీటిలో ఆడిస్తారు. దాన్ని చూసి నిజం చేప దగ్గరకు వస్తుంది. అప్పుడు ఈటెతో పొడుస్తారు. అక్కడ బొమ్మ బాగుందో లేదో చెప్పేది చేపే!

పిల్లల నోటికి పోయే రంగు

బొమ్మ ఇస్తే చంటిపిల్ల ముందు ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుంటుంది. కొన్ని రసాయన రంగుల్లో సీసం ఉంటుంది. అది పిల్లల ఒంట్లో చేరితే బుర్ర ఎదుగుదల దెబ్బతింటుంది. అందుకని ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు గారు చెట్ల నుంచి వచ్చే రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. పసుపు కొమ్ముతో పసుపు రంగు వస్తుంది. నీలిమందుతో నీలం వస్తుంది. ఈ రెండూ కలిపితే ఆకుపచ్చ. జాఫరా గింజలతో నారింజ రంగు. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఆ బొమ్మను ఎండలో పెట్టకూడదు.

కన్ను కోసం పూసలు అతికించిన చేపను చంటిపిల్లలకు ఇవ్వకండి. పూస ఊడితే గొంతులో అడ్డం పడుతుంది. కన్నును రంగుతో దిద్దితే చాలు.

చెట్టు ఉంటేనే చేప

ఏటికొప్పాక బొమ్మలకు ఆధారం అంకుడు చెట్టు. మొదలు ఉంచి కొమ్మలు నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేళ్లతో పెరికితే ఇక రాదు. చెట్టు పోతే కర్ర పోతుంది. కర్ర పోతే పనివారి కూడు పోతుంది. గట్ల మీద, ఖాళీ జాగాల్లో నాలుగు మొక్కలు పెంచితే మన పిల్లలకు పని మిగులుతుంది.

ఈసారి చేప కొన్నప్పుడు కోసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కన్ను ఎక్కడుందో, పొలుసు ఎటు వాలి ఉందో చూడండి. పలక మీద దాని బొమ్మ గీయండి. అక్షరం దిద్దిన చెయ్యి చేపను కూడా దిద్దగలదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. బొచ్చెను లేతు మిషను మీద ఎందుకు చేయలేం?
2. చేప వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఎందుకు ఉంటుంది?
3. మీ ఇంట్లో పిల్లలు ఆడుకునే బొమ్మలకు ఏ రంగులు వేశారు?
4. మీ ఊళ్లో అంకుడు చెట్లు ఉన్నాయా? వాటిని ఎవరు నరుకుతున్నారు, ఎవరు పెంచుతున్నారు?