లేత్ కొన్నారు సరే, సాన సంగతేంటి?

వీడియోలు చూసి ముచ్చటపడి చిన్న లేత్ కొన్నారా? ఉలి నుంచి పొడవాటి చుట్టలు రాకుండా పొడి రాలుతోందంటే పదును పోయినట్టే. అలాగే బలంగా నొక్కితే ఉలి కర్రలో చిక్కుకుని చేతిని లాగేస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తన. టేకు అలా కాదు, అందులోని సిలికా ఉలిని త్వరగా మొద్దుబారుస్తుంది.

సాన కొనేముందు ఉలి ఏ ఉక్కో కనుక్కోండి. కార్బన్ స్టీల్ అయితే గ్రైండర్ మీద అంచు నీలంగా మారిన చోట గట్టిదనం పోతుంది. దానికి నీళ్లలో తిరిగే సాన మేలు, కాకపోతే నెమ్మది, ఖరీదు కూడా. హైస్పీడ్ స్టీల్ ఆ వేడికి లొంగదు. తెల్ల అల్యూమినియం ఆక్సైడ్ రాయి ఉన్న బెంచ్ గ్రైండర్ చాలు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగేదానికన్నా 1,400 చుట్లది కొత్తవాళ్లకి నయం. చెయ్యి తప్పినా ఉక్కు తక్కువ అరుగుతుంది. సీబీఎన్ చక్రం గొప్పదే గానీ, మొదటి ఏడాదే అంత డబ్బెందుకు?

ఆ డబ్బేదో జిగ్ మీద పెట్టండి. ఉలిని ప్రతిసారీ ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు అది. చేత్తో పడితే ఇవాళ 40 డిగ్రీలు, రేపు 50. కోణం మారినప్పుడల్లా బోలెడు ఉక్కు వృథా. అంచుకి మార్కర్ పూసి, గ్రైండర్ ఆపి ఉండగానే రాయిని చేత్తో తిప్పండి. రంగు పైనుంచి కిందిదాకా సమానంగా పోతే కోణం కుదిరినట్టు.

అన్నట్టు, కొత్త రాయి బిగించేముందు చెక్కముక్కతో తట్టి వినండి. ఖంగుమనాలి. బొంగురుగా పలికితే లోపల బీట ఉన్నట్టే. తిరిగేటప్పుడు పగిలి మొహం మీదికొస్తుంది, పారేయండి.