నాజరెత్ గిటారు కార్ఖానా

గిటారు ఫ్యాక్టరీలో బట్టలు ఆరేసుకునే క్లిప్పులకు ఏం పని? అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, నాజరెత్ అనే చిన్న ఊళ్లో ఉన్న సి.ఎఫ్. మార్టిన్ కార్ఖానాలో వాటికి చాలానే పని ఉంది. పక్క చెక్కలను నీళ్లతో, వేడితో వంచి గిటారు ఒంటి ఆకారానికి తెచ్చాక, లోపలి అంచు వెంబడి గాట్లు పెట్టిన సన్నని పట్టీ ఒకటి అతికిస్తారు. రేపు పైపలకా వెనకపలకా కూర్చునేది ఆ పట్టీ మీదే. జిగురు ఆరేదాకా అది కదలకూడదు. అందుకని చుట్టూ వరసగా క్లిప్పులు పెట్టేస్తారు. అదే ఆవరణలో లక్కరు పూతకు మెరుపు పెట్టే రోబో చేయి తిరుగుతూ ఉంటుంది. ఏ పని యంత్రానికి అప్పగించాలి, ఏది మనిషి దగ్గరే ఉంచాలి అన్న లెక్క తేలే చోటే ఫ్యాక్టరీ గిటారు నాణ్యత కూడా తేలుతుంది. చివర్లో ఇన్‌స్పెక్టరు వేసే ముద్ర ఆ తర్వాతి సంగతి.

ఈ సంస్థ పుట్టుకకు కూడా ఒక నాణ్యత తగాదాతో చుట్టరికం ఉంది. 1796లో జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో పుట్టిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ వడ్రంగి కుటుంబం వాడు. వియన్నాలో యోహాన్ స్టౌఫర్ అనే పేరున్న గిటారు తయారీదారు దగ్గర పనిచేశాడు. సొంతూళ్లో వయొలిన్లు చేసేవాళ్ల సంఘానికి వడ్రంగులు గిటార్లు చేయడం గిట్టలేదు. బల్లలూ బీరువాలూ చేసే చేతులకు వాద్యం సంగతి ఏం తెలుసన్నది వాళ్ల వాదన. ఏళ్ల తరబడి సాగిన తగాదాలో చివరికి తీర్పు వడ్రంగుల వైపే వచ్చింది. అయినా ఆ గొడవతో విసిగిన మార్టిన్ 1833లో న్యూయార్క్ ఓడెక్కాడు. అక్కడ కొన్నేళ్లు దుకాణం నడిపి, మొరేవియన్ క్రైస్తవులు 1740లలో కట్టుకున్న నాజరెత్‌కు 1839లో చేరాడు. 1859లో కట్టిన నార్త్ స్ట్రీట్ ఫ్యాక్టరీ నూరేళ్లకు పైగా నడిచింది. ఇప్పుడు మనం చూసే సికమోర్ స్ట్రీట్ ఫ్యాక్టరీ 1964 నాటిది.

మంచి గిటారు కథ మొదలయ్యేది కలప గదిలో. కలప పోగు వెంట దాదాపు మారదు. పోగుకు అడ్డంగా మాత్రం తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పచ్చి తీరని చెక్కతో చేసిన గిటారు దుకాణంలో ముచ్చటగా కనిపించి, మొదటి ఎండాకాలానికే పైపలక చీలుతుంది. మెడ మీది చెక్క ముడుచుకున్నా దానిలోని లోహపు ఫ్రెట్లు ముడుచుకోవు కనుక, వాటి కొసలు అంచు దాటి వచ్చి వేళ్లకు గీరుకుంటాయి. అందుకే ఇక్కడ కలపను ఆరబెట్టి, నిలవుంచి, గాలిలో తేమను 45 నుంచి 55 శాతం మధ్య పట్టి ఉంచిన వాతావరణంలోనే పని నడుపుతారు. వెనకపలకల దొంతరలో మన దేశపు చెక్క కూడా ఉంటుంది. బ్రెజిల్ తన రోజ్‌వుడ్ దుంగలు బయటికి పోకుండా ఆపేయడంతో 1969లో మార్టిన్ భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మన అడవుల పక్క ఊళ్లలో ఇరుగుడు అని పిలిచే చెట్టే అది. నేటికీ డి-28 మోడల్‌కు పక్కలూ వెనకా ఆ చెక్కే.

కొలతకు లొంగే పనుల్లో యంత్రానికి సాటి లేదు. ఫ్రెట్ల గాళ్లు అందుకు మంచి ఉదాహరణ. మార్టిన్ పెద్ద గిటార్లలో మోగే తీగ పొడవు 25.4 అంగుళాలు, అంటే 645 మిల్లీమీటర్లు. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించి తర్వాతి ఫ్రెట్ స్థానం నిర్ణయిస్తారు. మొదటి ఫ్రెట్ 36.2 మిల్లీమీటర్ల దూరంలో, రెండోది అక్కణ్నుంచి 34.2 మిల్లీమీటర్ల దూరంలో పడతాయి. పన్నెండోది సరిగ్గా సగంలో. బొబ్బిలి వీణ తెలిసినవాళ్లకు ఇక్కడ కాస్త ఆశ్చర్యం కలుగుతుంది. వీణకు మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మేళం కట్టే మనిషి చెవితో విని, ఇత్తడి మెట్టును అటూ ఇటూ జరిపి స్వరం కుదురుస్తాడు. పాడైతే మైనం కరిగించి మళ్లీ కట్టొచ్చు. గిటారులో గాడి కోశాక జరపడం లేదు. తప్పు పడితే ఆ చెక్క చెత్తబుట్టకే. ఇంత కచ్చితంగా కోసినా లెక్క పూర్తికాదు. తీగను ఫ్రెట్ మీదికి నొక్కితే అది సాగి శ్రుతి కొంచెం హెచ్చుతుంది. ఆ తేడా తీర్చడానికే తీగలకు అటు చివర ఆనుకునే తెల్లని పట్టీని కాస్త ఏటవాలుగా పెట్టి, మందపు తీగలకు రెండు మూడు మిల్లీమీటర్ల పొడవు ఎక్కువ ఇస్తారు.

మెడను ఒంటికి కలిపే చోట మళ్లీ ఉలి పట్టిన మనిషి కనిపిస్తాడు. ఇక్కడి మేలైన గిటార్లకు మెడను తోక ఆకారపు కుసితో బెజ్జంలోకి దించుతారు. యంత్రం రెంటినీ కోసిస్తుంది కానీ, ప్రతి ఒళ్లూ జిగురు పట్టాక వెంట్రుకవాసి తేడాగా తయారవుతుంది. పనివాడు మెడను పెట్టి చూస్తాడు, తీస్తాడు, ఉలితో ఒక పొర గీస్తాడు, మళ్లీ పెడతాడు. మెడ మధ్యగీత ఒంటి మధ్యగీతతో కలవాలి. ఫ్రెట్ల మీద పెట్టిన కొలబద్ద కొస, ఒంటి మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి పైఅంచును సరిగ్గా అందుకోవాలి. మెడ వాలు తక్కువైతే తీగలు ఎత్తుగా నిలిచి వేళ్లు నొప్పెడతాయి. చౌక గిటార్లు కొని నేర్చుకోవడం మానేసిన పిల్లల్లో చాలామందిని ఓడించింది ఈ వాలే అని నా అనుమానం. వాళ్లకు సంగీతం రాదని మాత్రం ఇంట్లో తేల్చేస్తారు.

ఈ కార్ఖానా చరిత్రలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కంటికి కనపడని భాగం. సుమారు 3 మిల్లీమీటర్ల మందమున్న స్ప్రూస్ కలప పైపలక 70 కిలోలకు పైగా తీగల లాగుడును మోయాలి. మోస్తూనే కంపించాలి. లోపల ఎక్స్ ఆకారంలో అతికించిన బద్దలే దానికి ఆసరా. మార్టిన్ 1840లలో ఈ అమరిక చేసినప్పుడు గిటార్లకు ఉన్నవి నరపు తీగలు. 1920లలో ఉక్కు తీగలు వాడుకలోకి వచ్చేసరికి, ఎనభై ఏళ్ల కిందటి ఆ అమరికే వాటి లాగుడుకూ తట్టుకుంది. అప్పట్లో ఆ బద్దలను మధ్యలో గరిటెతో తోడినట్టు పల్చగా చెక్కేవారు. పలక తేలికై మోత నిండుగా వచ్చేది. అయితే వాయించేవాళ్లు మరీ మందపు తీగలు బిగించడంతో పలకలు ఉబ్బి, గిటార్లు మరమ్మతుకు తిరిగొచ్చాయి. 1944 చివర్లో కంపెనీ అలా తోడటం మానేసి బద్దలను బలంగా ఉంచేసింది. ఫిర్యాదులు తగ్గించే లెక్కలో అది సబబైన నిర్ణయమే. వినేవాళ్లకు మాత్రం పాత గిటార్లే మేలనిపించాయి. 1944కు ముందటి మార్టిన్‌ల కోసం జనం వెతకడం మొదలుపెట్టారు. చివరికి 1976లో హెచ్‌డి-28 మోడల్‌తో తోడిన బద్దలు తిరిగొచ్చాయి. తిరిగొచ్చే సరుకును లెక్కపెట్టే పద్ధతి ఉంటుంది కానీ, రాకుండా పోయిన నాదాన్ని లెక్కపెట్టే పద్ధతి ఏ ఫ్యాక్టరీకీ లేదు.

మెడలోని బలానికీ ఇలాంటి కథే ఉంది. 1934 నుంచి మెడ లోపల ఉక్కు పట్టీ వేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు కరువై కొన్నాళ్లు నల్లని ఎబొనీ చెక్కతో సరిపెట్టారు. తిప్పి సరిచేసుకోగల కడ్డీ వచ్చింది 1985లోనే. దానికి ముందు, జానపద సంగీతపు జోరు మీద 1971లో ఏడాదికి 22 వేలకు పైగా గిటార్లు చేసిన ఈ ఫ్యాక్టరీ 1980ల మొదట్లో మూడు వేల దగ్గరికి పడిపోయింది. ఆ 1970ల గిటార్లలో కొన్నింటికి బ్రిడ్జి తప్పు చోట అతికించారని మరమ్మతు పనివాళ్లు నేటికీ చెప్పుకుంటారు. గాళ్లు ఎంత చక్కగా కోసినా బ్రిడ్జి రెండు మిల్లీమీటర్లు జరిగితే శ్రుతి కలవదు కదా.

వరస సంఖ్యలు చూస్తే మరో వింత. 1898లో 8000తో మొదలైన లెక్క పది లక్షలకు చేరింది 2004లో. ఇరవై లక్షలకు చేరడానికి ఆపై 13 ఏళ్లే పట్టింది. మెక్సికోలోని నవోహోవాలో రెండో ఫ్యాక్టరీ ఉంది. తక్కువ ధర మోడళ్లు అక్కడ తయారవుతాయి. వాటిలో కొన్నింటి ఒళ్లు కాగితపు పొరలను రెసిన్‌తో అదిమిన పలకలవి. మన వంటింటి సన్‌మైకా కుటుంబమే. మోతలో చెక్క ముందు నిలవకపోయినా, తేమకు ఉబ్బదు, ఎండకు చీలదు. తేమ 70 శాతం దాటే విశాఖలో వాయించేవాళ్లు దాన్ని మరీ చులకన చేయనక్కర్లేదు.

కొత్త గిటారు ఏ కంపెనీదైనా కొనేముందు చేయగల పరీక్షలు తేలికే. తల వైపు నుంచి మెడ వెంట చూస్తే మెలిక తెలుస్తుంది. అంచు వెంట వేలు జరిపితే ఫ్రెట్ కొసలు తగులుతాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగను తాకీ తాకకుండా మీటి, తర్వాత నొక్కి మీటితే రెండూ ఒకే శ్రుతిలో వినిపించాలి. లోపల కారిన జిగురు చూడటానికి ఫోను కెమెరా చాలు.

ఫ్యాక్టరీకి ఆనుకుని ఉన్న మ్యూజియంలో వందకు పైగా పాత గిటార్లు ఉన్నాయి. 1870ల నాటి ఒకటి మాత్రం లేదు. ‘ద హేట్‌ఫుల్ ఎయిట్’ సినిమాకు అరువిస్తే, పగలగొట్టాల్సిన నకలుకు బదులు అసలుదే చేతిలో ఉందని నటుడు కర్ట్ రసెల్‌కు తెలియక దాన్ని విరగ్గొట్టేశాడు. ఆ దెబ్బతో సినిమాలకు అరువివ్వడం మానేశారు. మ్యూజియానికి టికెట్ లేదు. ఫ్యాక్టరీ లోపల తిప్పి చూపించే టూర్‌కు మాత్రం ముందుగా బుక్ చేసుకోవాలి. పని నడిచేటప్పుడు చూడాలంటే పనిదినాల్లో వెళ్లడం మేలు. న్యూయార్క్ నుంచి కారులో రెండు గంటల లోపు దారి. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఇంకా దగ్గర, 78వ నంబరు హైవే పట్టుకుని 33వ నంబరు రోడ్డు మీదికి మళ్లితే చాలు. భారతీయ రోజ్‌వుడ్ గిటారు కొని ఇండియాకు తెచ్చుకునేవాళ్లకు ఒకప్పుడు అంతర్జాతీయ అనుమతి పత్రాల బెడద ఉండేది. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019 నుంచి ఆ నిబంధన సడలించారు. విమానంలో మాత్రం తీగలు కాస్త వదులు చేసి, గట్టి పెట్టెలో పెట్టి తెచ్చుకోండి.