దాచితే పెరిగే వ్యాధి, మందుతో అణిగే వ్యాధి

పద్దెనిమిదేళ్ల క్రితం నాటి మాట. ఒక గ్రామంలో లారీ డ్రైవరుగా పనిచేసే యువకుడు మరణించాడు. మయ్యిత్‌కు గుస్ల్ చేయించడానికి రమ్మని నాకు కబురు వచ్చింది. నేను వెళ్లేసరికి వాకిట్లో జనం ఉన్నారు గాని, లోపలికి అడుగుపెట్టినవారు ఒక్కరూ లేరు. "మౌల్వీ సాబ్, వాడిది ఎయిడ్స్ జబ్బు. ముట్టుకోవద్దు" అని ఒక పెద్దాయన మెల్లగా చెప్పారు. నా కాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు నేటికీ సిగ్గుగానే ఉంది.

ఇంతలో అతని తల్లి బిందెతో నీళ్లు తెచ్చి పెట్టింది. "మీకు భయమైతే బయటే ఉండండి సాబ్. ఎలా చేయాలో చెప్పండి, నా బిడ్డకు నేనే చేసుకుంటాను" అన్నది. ఆ మాట విన్నాక నేను బయట నిలబడలేకపోయాను. చేతి తొడుగులు వేసుకుని, అతని తమ్ముడి సాయంతో గుస్ల్ పూర్తి చేశాను. అది ఫర్జె కిఫాయా. ఎవరూ ముందుకు రాకపోతే ఆ పాపం ఊరందరిదీ.

తర్వాత తెలిసింది: వ్యాధి సంగతి అతనికి రెండేళ్ల ముందే తెలుసు. ఉచితంగా మందులిచ్చే ఆసుపత్రి ఉన్నదనీ తెలుసు. అక్కడి వరుసలో తెలిసినవారెవరైనా చూస్తారన్న భయంతో వెళ్లలేదు. అతని మరణంలో వ్యాధి పాత్ర ఎంతో, మన చూపుల పాత్ర కూడా అంతే.

చికిత్స ఎంత మారింది?

మన దేశంలో తొలి హెచ్.ఐ.వి. కేసులను 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్ బృందం గుర్తించింది. అప్పటికి దీనికి మందే లేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాలలో ఉచిత చికిత్స మొదలైంది. 2017 నుంచి వ్యాధి ముదిరేదాకా ఆగకుండా, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందులు ఇస్తున్నారు. నేడు చాలామందికి మూడు మందులు కలిసిన మాత్ర రోజుకు ఒక్కటి సరిపోతుంది.

ఈ మందు వైరస్‌ను పూర్తిగా తుడిచివేయదు. అది పెరగకుండా అణచివేస్తుంది. కనుక జీవితాంతం వాడాలి. ఒళ్లు బాగుందని మధ్యలో మానితే వైరస్ మందుకు లొంగని స్థితికి చేరవచ్చు. సీడీ4 పరీక్షతో రోగనిరోధక శక్తి, వైరల్ లోడ్ పరీక్షతో రక్తంలో వైరస్ పరిమాణం తెలుస్తాయి. క్రమం తప్పకుండా మందు వాడి, పరీక్షలో వైరస్ కనబడనంతగా తగ్గి, ఆ స్థితి నిలిచి ఉన్నవారి నుంచి దాంపత్య సంబంధం ద్వారా వ్యాధి సోకదు. వైద్యశాస్త్రం నిర్ధారించిన విషయమిది. ఆ స్థితి వచ్చేదాకా, వైద్యులు చెప్పినంత కాలం దంపతులు నిరోధ్ వాడాలి. ఈ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసేది క్షయ. అందువల్ల ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం గురించి దాచకుండా చెప్పాలి.

మన ఇళ్లలోని అపోహలు

ఒకే పళ్లెంలో తినడం, ఆలింగనం, వుజూ నీళ్లు, మరుగుదొడ్డి, దోమకాటు, వీటివల్ల హెచ్.ఐ.వి. రాదు. అరక్షిత లైంగిక సంబంధం, కలుషితమైన రక్తం, ఒకరు వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు, ఇవే దాని దారులు.

సున్తీ అయినవారికి ఈ జబ్బు రాదని మనలో కొందరి నమ్మకం. ఆఫ్రికాలో జరిగిన పరీక్షలలో, స్త్రీ నుంచి పురుషునికి సోకే ముప్పు సున్తీ వల్ల సుమారు 60 శాతం తగ్గినట్లు తేలింది. తగ్గడం వేరు, లేకపోవడం వేరు. పైగా భర్తకు వ్యాధి ఉంటే అతని సున్తీ భార్యను కాపాడదు.

గర్భిణికి తొలి నెలల్లోనే పరీక్ష తప్పనిసరిగా చేయించండి. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. తల్లి మందులు వాడి, బిడ్డకూ పుట్టగానే మందు ఇస్తే అది 5 శాతం లోపుకు తగ్గుతుంది. సూది గుచ్చుకోవడం వంటి ప్రమాదం జరిగితే 72 గంటల లోపు, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేరాలి. 28 రోజుల నివారణ మందు ఉన్నది.

రమజాన్‌లో మాత్ర మానవలసిన పని లేదు. రోజుకు ఒకసారి వేసుకునేవారు వైద్యుని అడిగి ఇఫ్తార్ తర్వాతకో సహరీ వేళకో మార్చుకోవచ్చు. ఉపవాసం హాని చేస్తుందని వైద్యుడు చెప్పిన రోగికి షరీఅత్‌లో సడలింపు ఉన్నది.

2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, అంగీకారం లేకుండా పరీక్ష చేయడం, రోగి వివరాలు బయటపెట్టడం, ఉద్యోగంలో గాని చదువులో గాని వివక్ష చూపడం నేరమో ఉల్లంఘనో అవుతాయి. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అయితే తన వ్యాధి తెలిసీ జీవిత భాగస్వామి వద్ద దాచడం మాత్రం ఖియానతే.

ఆ యువకుని భార్యకు అప్పుడే పరీక్ష చేయించాం. పాజిటివ్ అని వచ్చింది. రెండేళ్ల పాపకు సోకలేదు. అత్తగారే కోడలిని నెలనెలా ఏఆర్‌టీ కేంద్రానికి తీసుకువెళ్లేది. ఆ అత్తగారు నేడు లేరు. కోడలు బట్టలు కుట్టి బిడ్డను చదివించింది. మొన్న ఆ బిడ్డ నికాహ్ నేనే చదివించాను. ఆమె అనుమతితోనే, ఊరి పేరు లేకుండా ఇది రాస్తున్నాను. ఆ రోజు వాకిట్లో దూరంగా నిలబడ్డ కుటుంబాల స్త్రీలే దస్తర్‌ఖాన్ మీద ఆమె పక్కన కూర్చుని భోజనం చేశారు.