స్టార్టరు ‘టక్’మంటే...

నీళ్ల మోటారు పచ్చబొత్తాం నొక్కగానే స్టార్టరు ‘టక్’మంటుంది కదండీ! అది రిలే జాతి పరికరం. బొత్తాం నొక్కితే తీగచుట్టలో కొద్దిపాటి కరెంటు పారి, అయస్కాంతం తయారవుతుంది. అది ఇనపముక్కను లాగి, మోటారుకు పోయే పెద్ద కరెంటును కలుపుతుంది. మన ఏ.సి. కరెంటు సెకనుకు 100 సార్లు సున్నా అవుతుంది. అప్పుడు పట్టు సడలకుండా అయస్కాంతం కొసన చిన్న రాగి కడియం బిగిస్తారు. కడియం విరిగినా, దుమ్ము చేరినా స్టార్టరు గుర్రుమంటుంది, ఎలక్ట్రీషియనుకి చూపించండి.

కరెంటు పోతే పట్టు వదులుతుంది. మళ్ళీ వచ్చినా మనం నొక్కేదాకా మోటారు తిరగదు. అదే మనకు రక్ష. వోల్టేజి చాలక స్టార్టరు నిలవడంలేదని బొత్తానికి పుల్ల మాత్రం దోపకండి! మోటారు కాలిపోవచ్చు, పోయిన కరెంటు వచ్చినప్పుడు దానంతటదే తిరిగి, దగ్గరున్నవాళ్ల చెయ్యి నలగవచ్చు.